ఏ చేతి వేళ్లు?

చిరంజీవికి ఆశీస్సులు.

ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. 1941లో సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఫిడేలు మాత్రం వినపడలేదు.

'ఆయన వేళ్లలో సరస్వతి నర్తించింది' అన్నావు. నీ వయసులో నేనూ అచ్చం ఇలాగే రాసి, ఫిడేలు వాయించే ఒక పెద్దాయనకు చూపించాను. చదివి, "ఏ చేతి వేళ్లు బాబూ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. స్వరం పట్టేది ఎడమచెయ్యి, నాదం తీసేది కుడిచేత్తో తీగల మీద లాగే కర్ర, కమాను. ఆ మాత్రం తెలియకుండా సరస్వతిని పిలిచేశాను.

1919లో ఆయన విద్యార్థిగా చేరదామని విజయనగరం సంగీత కళాశాలకు వెళ్తే అధ్యాపకుడిగా తీసుకున్నారన్న కథ రాశావు. మంచి కథే. కానీ దానికి ముందు విశాఖపట్నంలో అన్నగారి దగ్గర చేసిన సాధన, కంటిచూపు బాగా తక్కువైన కుర్రాడు చెవినే నమ్ముకున్న ఏళ్లు, ఒక్క వాక్యంలో దాటేశావు.

అసలు సంగతి చివరి పేజీలో, అప్పుడే గుర్తొచ్చినట్టు చేర్చావు: ఆయన సోలో కచేరీలు చేశారని. ఆగాల్సింది అక్కడ! ఫిడేలు పక్కవాద్యం కదా. గాయకుడు రాగం పాడుతుంటే నీడలా వెంట వెళ్లాలి, తన వంతు రాగానే కాసేపు వాయించి మళ్లీ తగ్గాలి. అలాంటి వాద్యం వేదిక మధ్యకొస్తే కీర్తనలో మాటలు ఎవరు పలకాలి? కమానే పలకాలి. ఏ అక్షరం దగ్గర దాన్ని వెనక్కి మళ్లించాలో, ఏ మాటను ఒకే కమాను లాగుడులో సాగదీయాలో తేల్చుకోవాలి. తప్పితే మాట మధ్యలో విరుగుతుంది.

ఆయన రికార్డులు ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతాయి. ఒక్క త్యాగరాజ కీర్తన తీసుకో. ముందు సాహిత్యం నువ్వే పాడుకో, గొంతు గురించి టెన్షన్ వద్దు, నేనేం వినను. తర్వాత ఆయన వాయించింది విని, మాట ఎక్కడ వినిపించిందో రాయి. ఒక పేజీ చాలు.

వీలైతే విజయనగరం వెళ్లిరా. ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత 1936లో నాయుడు గారు ప్రిన్సిపాల్ అయిన ఆ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. ఫిడేలు క్లాసు గది బయట కాసేపు నిలబడు. కొత్తగా చేరిన పిల్లల కమాను కీచుమంటుంటుంది. ఏళ్ల తరబడి ఆయన విన్నదీ ఆ చప్పుడే.