అమ్మానాన్న ఆరు నెలలు అమెరికాలో ఉంటే ఫోన్లకి ఎంత ఖర్చు పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: అమ్మానాన్న జూన్‌లో డాలస్ వచ్చి ఆరు నెలలుంటారు, ఇండియా సిమ్‌లకి రోమింగ్ ప్యాక్ వేయించాలా, లేక ఇక్కడ మీ ఫ్యామిలీ ప్లాన్‌లో ఇంకో రెండు లైన్లు కలపాలా అని. నేనైతే రెండూ వద్దంటాను. మా అమ్మానాన్న, మా అత్తగారు మామగారు వంతులవారీగా వచ్చి వెళ్తూనే ఉంటారు కాబట్టి ఇది మా ఇంట్లో బాగా అరిగిపోయిన విషయం.

రోమింగ్ ప్యాక్‌లు వారం పది రోజులు తిరిగి వెళ్ళిపోయేవాళ్ళ కోసం. ఆరు నెలలుండే పెద్దవాళ్ళకి ఇండియా సిమ్‌తో పని ఒక్కటే, ఓటీపీ రావడం. బ్యాంకు, ఆధార్, గ్యాస్, అన్నీ ఆ నంబరు మీదే ఉంటాయి. గ్యాస్ సంగతి చాలామందికి తట్టదు. మా నాన్న పేరు మీదున్న సిలిండర్ ఖమ్మంలో కింద పోర్షన్‌లో ఉండే బాబాయి వాళ్ళు తీసుకుంటారు, డెలివరీ అబ్బాయి అక్కడ పగలు పదకొండింటికి వచ్చి కోడ్ చెప్పమంటాడు, అప్పుడు డాలస్‌లో రాత్రి పన్నెండున్నర, ఆ కోడేమో నాన్న దిండు పక్కనున్న ఫోన్‌లోకి వస్తుంది. బయల్దేరే ముందే గ్యాస్ కనెక్షన్‌కి బాబాయి నంబరు పెట్టించేస్తే ఆ గొడవే ఉండదు.

జియో అయినా ఎయిర్‌టెల్ అయినా రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి డబ్బులు పడవు. కావాల్సినవి రెండే, ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీసు ఆన్‌లో ఉండాలి, రీఛార్జ్‌కి వ్యాలిడిటీ ఉండాలి. రోమింగ్ సర్వీసు వేరు, రోమింగ్ ప్యాక్ వేరు (సర్వీసంటే బయటి దేశంలో సిమ్ పనిచేయడం, ప్యాకంటే అక్కడ కాల్స్, డేటా కోసం విడిగా కొనేది), షాపువాడు రెండూ కలిపేసి చెప్తాడు, జాగ్రత్త. ఇవి విమానం ఎక్కకముందే చూసుకోండి. ఇక్కడికి వచ్చాక యాప్‌లో ఆన్ చేద్దామంటే ఆ యాప్‌లోకి వెళ్ళడానికి ఓటీపీ కూడా ఆ నంబరుకే రావాలి, అది రావాలంటే రోమింగ్ ఆన్‌లో ఉండాలి!

రీఛార్జ్ విషయంలో, రోజుకి ఇన్ని జీబీలు అని ఇచ్చే ప్యాక్‌లు ఇక్కడ ఎందుకూ పనికిరావు, ఆ డేటా ఇండియాలోనే పనిచేస్తుంది. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఫోన్ కంపెనీలకి డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు విడిగా పెట్టమని చెప్పింది, అలాంటి వోచర్ల గడువుని 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచింది కూడా. ఆ తర్వాత 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 84 రోజులకి 469 రూపాయలది, ఏడాదికి 1849 రూపాయలది పెట్టింది. జియోలోనూ ఇలాంటివి ఉన్నాయి. రేట్లు మారుతుంటాయి కాబట్టి ఇప్పుడెంతో చూసుకోండి, యాప్‌లో అవి పైన కనపడవు, కిందదాకా వెళ్ళి వెతకాలి. రీఛార్జ్ ఎందుకులే అని వదిలేయకండి. 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరుని కంపెనీ తీసేయవచ్చు, కొన్నాళ్ళాగి ఇంకొకరికి ఇచ్చేస్తారు, అప్పుడు మీ నాన్నగారి బ్యాంకు మెసేజ్‌లు ఎవరికో వెళ్తాయి. పోస్ట్‌పెయిడ్ అయితే రావడానికి ముందే ప్రీపెయిడ్‌కి మార్పించడం మంచిది, నెల తిరిగేసరికి ఎంత బిల్లొస్తుందో అన్న టెన్షన్ ఉండదు.

ఇక ఇక్కడి సిమ్. ఏటీ అండ్ టీ, వెరైజన్, టీ-మొబైల్, ఈ మూడింటి టవర్లని అద్దెకి తీసుకుని తక్కువ రేటుకి అమ్మే కంపెనీలు బోలెడున్నాయి. మింట్‌లో మూడు నెలలకి ఒకేసారి కడితే నెలకి 15 డాలర్లు పడుతుంది (కొత్తవాళ్ళకి ఇచ్చే రేటు అది). టెల్లోలో అయితే నిమిషాలెన్నో, జీబీలెన్నో మనమే ఎంచుకోవచ్చు, చిన్న ప్లాన్ పది డాలర్ల లోపే వస్తుంది, రెండూ టీ-మొబైల్ టవర్ల మీదే నడుస్తాయి. మీ ఫ్యామిలీ ప్లాన్‌లో కలిపితే అన్‌లిమిటెడ్ వస్తుంది నిజమే, కానీ ఆ అన్‌లిమిటెడ్‌ని వాళ్ళేం చేసుకుంటారండీ? రోజులో ఎక్కువ భాగం ఇంట్లో వైఫైలో ఉంటారు, సీరియళ్ళు, వార్తలు, వాట్సాప్ వీడియో కాల్స్ అన్నీ దాంట్లోనే. బయటికంటే సాయంత్రం వాకింగ్, శనివారం ఫ్రిస్కోలో హనుమాన్ గుడి, మీతో కాస్ట్‌కో. దారి తప్పితే లొకేషన్ పంపడానికి, మనవడిని స్కూల్ బస్ దగ్గర దింపి ఫోన్ చేయడానికి రెండు జీబీలు తీసుకున్నా ఇంకా మిగులుతాయి. సిమ్ మాత్రం ఇద్దరికీ విడివిడిగా తీసుకోండి, ఒకరికి చాలులే అనుకుంటే వాల్‌మార్ట్‌లో ఇద్దరూ చెరో వైపు వెళ్ళినప్పుడు తెలుస్తుంది.

అసలు చిక్కు ఫోన్‌తో వస్తుంది. ఇక్కడ 3జీ 2022లోనే మూసేశారు, కాబట్టి కాల్ వెళ్ళాలంటే ఆ ఫోన్‌లో ఇక్కడి నెట్‌వర్క్‌కి సరిపడే వోల్టీ (4జీ మీదే కాల్ వెళ్ళే సదుపాయం) ఉండాలి. ఏటీ అండ్ టీ అయితే తన జాబితాలో ఉన్న మోడళ్ళనే ఒప్పుకుంటుంది, మన దగ్గర జనం వాడే చాలా ఫోన్లు అందులో లేవు. ఇండియా ఫోన్లకి టీ-మొబైల్ మీద నడిచే సిమ్‌లే నయం. అందులోనూ 12, 71 బ్యాండ్లు (గోడలు దాటి లోపలికి బాగా వచ్చే సిగ్నల్ తరంగాలు) అందుకోలేని ఫోన్ అయితే ఇంట్లో లోపలి గదుల్లో సిగ్నల్ పడిపోతుంది, అప్పుడు వైఫై కాలింగ్ ఆన్ చేసుకోవాలి. *#06# కొట్టి ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి ఉండే గుర్తింపు నంబరు) తీసుకుని, ఆ కంపెనీ సైట్‌లో పనిచేస్తుందో లేదో ముందే చూడండి, ఊరికే చూడొచ్చు.

మనవాళ్ళకి ఇంకో అలవాటుంది, అమ్మానాన్న రాగానే కొత్త ఐఫోన్ కొనిపెట్టడం. పెట్టండి, కాదనను. కానీ ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రేనే లేదు, ఇండియా నుంచి తెచ్చిన ప్లాస్టిక్ సిమ్ అందులో పట్టదు, ఈసిమ్‌గా (ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) మార్చాలంటే ఇండియాలో ఉండగానే చేయించుకోవడం మంచిది. పైగా కొత్త ఫోన్‌లో ఫోన్‌పే, గూగుల్ పే మళ్ళీ పెట్టాలంటే ఇండియా సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్ళాలి, అది రోమింగ్ రేటు, బ్యాలెన్స్ లేకపోతే అసలు వెళ్ళదు. అందుకని పాత ఫోన్‌లో ఇండియా సిమ్‌ని, యూపీఐని, వాట్సాప్‌ని కదపకండి. రెండో స్లాట్‌లో అమెరికా సిమ్ వేసి, డేటాకి దాన్నే ఎంచుకుని, ఇండియా సిమ్‌కి డేటా రోమింగ్ ఆపేయండి. ఐఫోన్ అయితే సెల్యులార్ డేటా స్విచింగ్ అని ఒకటుంటుంది, అది ఆన్‌లో ఉంటే సిగ్నల్ లేనిచోట దానంతటదే ఇండియా సిమ్ డేటాకి మారుతుంది, అదీ ఆపండి.

ఇండియా నంబరుకి కాల్ వస్తే ఎత్తొద్దని గట్టిగా చెప్పండి, రోమింగ్‌లో ఎత్తినందుకు కూడా డబ్బులు పడతాయి. చెప్పినా మా మామగారు వినరు, అర్ధరాత్రి లోన్ కావాలా అని అడిగే అమ్మాయితో కూడా మర్యాదగా మాట్లాడతారు. ఆయన ఫోన్‌లో బ్యాలెన్స్ సున్నా ఉంచాం, ఎత్తినా కలవదు. వాట్సాప్ లేని చుట్టాలతో మాట్లాడాలంటే మీ ఫోన్‌లో గూగుల్ వాయిస్ పెట్టుకుంటే ఇండియాకి నిమిషానికి ఒక సెంటు, దానికి విడిగా కాలింగ్ ప్యాక్ అక్కర్లేదు.

దుబాయ్‌లో ఉన్నవాళ్ళు ఇది చదివి అలాగే చేయకండి, అక్కడ వాట్సాప్ కాల్సే పోవు, మీ లెక్క వేరు.

మీ నాన్నగారి ఫోన్ మోడల్ నంబరు (సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లో ఉంటుంది) ఇక్కడ రాయండి, ఏ బ్యాండ్లు ఉన్నాయో చూసి చెప్తాను.