వచ్చానా, వెళ్ళానా?

సందేహం: మాది గుంటూరు, బ్రాడీపేట. ఉద్యోగం కోసం ఈమధ్యనే సింగపూరులో కాపురం పెట్టాను. కొత్త ఊరి తొలి అనుభవాలను వ్యాసంగా రాస్తూ, ‘సింగపూరు వెళ్ళాలని నిర్ణయించుకున్నప్పుడు అమ్మ దిగులుపడింది. చివరికి సింగపూరు వెళ్ళాను. ఇక్కడ రైలు స్టేషనులో తమిళ అక్షరాలు చూడగానే ప్రాణం లేచివచ్చింది’ అన్నాను. విజయవాడలోని మిత్రుడొకరు రెండుచోట్లా ‘వెళ్ళు’ను కొట్టివేసి ‘వచ్చు’గా దిద్దారు. అది సరైనదేనా? అలాగే ‘గుంటూరుకు’ అనాలా, ‘గుంటూరికి’ అనాలా?

సమాధానం: మీ మిత్రుని దిద్దుబాటు సగం సరైనది. రెండో వాక్యంలో ‘వచ్చాను’ అనడమే మేలు. మొదటి వాక్యంలోని ‘వెళ్ళాలని’ అన్న మాటను మాత్రం ముట్టుకోనవసరం లేదు.

నిర్ణయం తీసుకున్ననాడు మీరూ అమ్మగారూ గుంటూరులోనే ఉన్నారు కనుక, ఆనాటి ఆలోచనను ఆనాటి చోటు నుంచి చెప్పడం సహజం. అక్కడ ‘రావాలని’ అంటే అమ్మగారి దిగులు పాఠకునికి అంత దగ్గరగా తగలదు. రెండో వాక్యం సంగతి వేరు. దానిని వెన్నంటి ‘ఇక్కడ’ అనే మాట ఉంది; అంటే అప్పటికే మీరు సింగపూరులో నిలబడి మాట్లాడుతున్నారు. ‘వెళ్ళాను’ అని గుంటూరు వైపు నుంచి చెప్పి, మరుక్షణమే ‘ఇక్కడ’ అనేసరికి చదివేవాడు తడబడతాడు. వ్యాకరణం తప్పిందని అనను గాని, కథనం అదుపు తప్పింది. ఇదే సూత్రం ‘తెచ్చు’, ‘తీసుకువెళ్ళు’ అనే క్రియలకూ వర్తిస్తుంది: గుంటూరులో కారప్పొడి కట్టించుకున్న సంగతి చెప్పేటప్పుడు ‘తీసుకువెళ్దామని’ అనండి, సింగపూరులో డబ్బా మూత తీసేటప్పుడు ‘తెచ్చుకున్న కారప్పొడి’ అనండి.

అయితే ‘ఉన్నచోటికి వచ్చు, లేనిచోటికి వెళ్ళు’ అని మీ మిత్రుడు అనుకుంటున్నట్లున్న సూత్రం తెలుగుకు చాలదు. మన భాషలో ‘వచ్చు’ మాట్లాడేవారి చోటునే కాక వినేవారి చోటునూ మన్నిస్తుంది. ఫోనులో అమ్మగారితో ‘సంక్రాంతికి గుంటూరు వస్తానమ్మా’ అంటారు, అదే సంగతి సింగపూరులోని సహోద్యోగికి చెప్పవలసివస్తే ‘గుంటూరు వెళ్తాను’ అంటారు. ‘అక్కడికి వస్తాను’ అనే మాట ఇందుకు బలమైన సాక్ష్యం. అందులో ‘అక్కడ’ మీ దూరాన్ని చెబుతుంది, ‘వస్తాను’ అమ్మగారి సాన్నిధ్యాన్ని చెబుతుంది. గడప దాటేటప్పుడు ‘వెళ్తాను’ అని ఊరుకోక ‘వెళ్ళొస్తాను’ అనడంలోనూ, ఇంట్లో మిగిలినవారి చోటికే తిరిగి చేరతానన్న హామీ ఉంది. ‘ఇక్కడికి వెళ్ళాను’ అనే కలయిక మాత్రం సాధారణంగా పొసగదు; ఫోటోనో పటాన్నో వేలితో చూపిస్తూ అన్నప్పుడు అదీ ఒప్పుతుంది.

మీ మూడో వాక్యంలోని ‘ప్రాణం లేచివచ్చింది’ ఎంతో బాగుంది, దానిని ఎవరు చెప్పినా మార్చకండి. సింగపూరు నాలుగు అధికార భాషలలో తమిళం ఒకటి. పరాయి ఊరిలో పొరుగు లిపి కనబడితే తెలుగువాడికి కలిగే ఊరట ఆ పలుకుబడిలో పూర్తిగా పలికింది. నిద్ర, ఏడుపు, జ్వరం, కోపం, జ్ఞాపకం అన్నీ మనకు ‘వస్తాయి’. తొలగిపోయేటప్పుడు మాత్రం ‘వెళ్ళవు’, ‘పోతాయి’. ‘జ్వరం వెళ్ళింది’ అని ఎవరూ అనరు. కనుక ‘కొత్త ఊరి బెరుకు పోయింది’ అనే రాయండి.

ఇక రెండో సందేహం. ‘ఊరు’ శబ్దం విభక్తి ముందు ‘ఊరి’ అవుతుంది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి, విభక్తి ప్రత్యయానికి ముందు మాట చివర చేరే ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలన్నాడు. ఇందులో చేరేది వాటిలోని ‘ఇ’. నెల్లూరి, ఏలూరి అనే ఇంటిపేర్లలో ఈ రూపమే నిలిచింది. కాబట్టి ‘గుంటూరికి’ సలక్షణమైనది, నాకు ప్రియమైనదీ అదే. ‘గుంటూరుకు’ కూడా నేటి వాడుకలో స్థిరపడినందున తప్పనలేము. సింగపూరులో ఉన్నది మన ‘ఊరు’ కాదు, ‘పురం’ నుంచి మారిన ‘పూరు’. అందువల్ల ‘సింగపూరుకు’ అంటే చాలు. ప్రయాణాన్ని చెప్పే క్రియల ముందు ఊరిపేరుకు ఆ ‘కు’ అయినా అవసరం లేదు: ‘కు’ లేకుండా ‘గుంటూరు వస్తాను’, ‘సింగపూరు వెళ్ళాను’ అనడం నిర్దుష్టం. ఈ సౌకర్యం ఊరిపేర్లకు ఉన్నట్లు ఇల్లు, బడి వంటి మాటలకు లేదు. ‘ఇంటికి వచ్చాను’, ‘బడికి వెళ్ళాను’ అనే అనాలి.