కెమెరాను టీవీకే గురిపెడితే

ప్రశ్న: పిక్చర్ ట్యూబ్ టీవీకి పాత హ్యాండీక్యామ్ కలిపి, కెమెరాను ఆ తెరకే గురిపెట్టాను. వీడియో ఫీడ్‌బ్యాక్ సుడులు వస్తాయనుకుంటే తెర తెల్లబడిపోతోంది, లేదంటే నల్లగా ఉండిపోతోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ముందు ఆటో ఎక్స్‌పోజర్, ఆటో ఫోకస్ రెండూ ఆపేయండి. తెర మీది వెలుగు కెమెరాలోంచి మళ్లీ తెరకే చేరుతుంది. ప్రతి చుట్టులో అది కాస్త పెరిగినా చివరికి అంతా తెలుపే, తగ్గితే నలుపే. మన టీవీల పాల్ (PAL) ప్రసార పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు కాబట్టి ఇదంతా కళ్లు మూసి తెరిచేలోగా జరిగిపోతుంది. మీరు నిలవాల్సింది ఆ రెంటి మధ్య సన్నటి గీత మీద. గది చీకటి చేసి, షట్టర్ 1/50 సెకనులో పెట్టండి. టీవీ బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, కాంట్రాస్ట్ పెంచి, ఎక్స్‌పోజర్‌ను ఒక్కో మెట్టే కదపండి. బొమ్మ తనంతట పుట్టదు. తెర ముందు టార్చి ఒక్కసారి ఆడించి తీసేయండి.

ఇక అసలు అందమంతా కెమెరాను ఒరిగించడంలో ఉంది. సరిగ్గా 72 డిగ్రీలు ఒరిగిస్తే అయిదు రేకులు, 60 అయితే ఆరు. ఒక డిగ్రీ తప్పితే రేకులు నెమ్మదిగా తిరగడం మొదలెడతాయి, అదీ చూడదగ్గదే. ఫ్రేములో తెర కొంచెం చిన్నగా పడేలా జూమ్ తగ్గిస్తే బొమ్మ సొరంగంలా లోపలికి జారుతుంది. బీబీసీ 1963లోనే ఒక ధారావాహిక టైటిళ్లకు ఈ పద్ధతి వాడింది. ఎల్‌సీడీ టీవీలో ఇంత చురుకు రాదు, అది ప్రతి ఫ్రేమునూ కాసేపు పట్టి ఉంచుతుంది. గేమ్ మోడ్‌లో కొంత నయం.

ప్రశ్న: వీడియో కళాకారుడు నామ్ జూన్ పైక్ టీవీ మీద అయస్కాంతం పెట్టి బొమ్మను వంచాడట. మా కలర్ టీవీ మీద పెట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వద్దు. 1965లో ఆయన వాడింది బ్లాక్ అండ్ వైట్ టీవీ. అందులో అయస్కాంతం తీసేస్తే బొమ్మ మామూలుగా సర్దుకుంటుంది. కలర్ ట్యూబులో తెర వెనక చిల్లుల లోహపు రేకు, షాడో మాస్క్, ఉంటుంది. దానికి అయస్కాంతత్వం పడితే ఎర్ర చుక్కకు తగలాల్సిన ఎలక్ట్రాన్లు పచ్చ చుక్కకు తగిలి, రంగు మచ్చలు నిలిచిపోతాయి. ఇప్పటికే పెట్టి ఉంటే టీవీని అరగంట ఆపి మళ్లీ వేయండి. ఆ అయస్కాంతత్వాన్ని పోగొట్టే లోపలి డీగాసింగ్ కాయిల్ స్విచ్ వేసినప్పుడే పనిచేస్తుంది, దానికి కరెంటు అదుపు చేసే థర్మిస్టర్ ముందు చల్లారాలి. బలమైన అయస్కాంతానికి మాస్కే వంగిపోతే మరమ్మతు లేదు. వెనక మూత మాత్రం తీయకండి. ప్లగ్ పీకాక కూడా ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.