ఘాటీలో ముల్లు పైకెక్కితే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఎనిమిదేళ్ల డీజిల్ కారు, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది. ఊళ్లోనూ, బరంపురం దారిలోనూ ఏ ఇబ్బందీ లేదు. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కేటప్పుడు మాత్రం, ముందు లోడు లారీ ఉండి, ఏసీ వేసి ఉంటే సగం ఘాటీకే వేడి మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతోంది. మెకానిక్ ఇప్పటికే థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాక రేడియేటర్‌కు దారి తెరిచే వాల్వు), వాటర్ బాడీ (నీళ్లు తిప్పే పంపు) రెండూ మార్చాడు. తగ్గలేదు. ఇప్పుడు రేడియేటర్ కూడా మార్చాలంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. ఎక్కడ, ఎప్పుడు వేడెక్కుతోందో మీరే రాశారు. ముందు దాన్నే చూడాలి, సామాన్ల సంగతి తర్వాత.

హైవే మీద 90, 100 వేగంలో వేడెక్కే బండికి గాలి కొరత ఉండదు. అక్కడ నీళ్లు తక్కువై ఉండాలి, లేదా నీళ్లు సరిగా తిరగకపోవాలి, లేదా రేడియేటర్ లోపల గొట్టాలు పూడి ఉండాలి. ఊళ్లో ఆగినచోట వేడెక్కేదానికి ఫ్యాన్ మీద అనుమానం. మీది రెంటికీ మధ్యన ఉంది. ఘాటీలో ఇంజన్ గట్టిగా లాగుతోంది, లారీ వెనక బండి వేగమేమో 15, 20 దాటదు. ఎదురుగాలి లేదు, గాలంతా ఫ్యానే లాగాలి. దానికితోడు ఏసీ వేస్తే ముందున్న కండెన్సర్‌ను (ఏసీ వేడిని బయటికి వదిలే జాలీని) దాటుకుని కాగిన గాలే రేడియేటర్‌కు చేరుతుంది. అందుకని మొదట ఫ్యాను, ఆ తర్వాత రేడియేటర్ రెక్కల్లోని మురికి చూడాలి.

చాలా కార్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు రెండు వేగాలు. ఏసీ వేయగానే తిరిగేది చిన్నవేగం. నీళ్లు సుమారు 100 డిగ్రీలు దాటాక పెద్దవేగం అందుకోవాలి. దాని రిలే (కరెంటు అందించే స్విచ్చు) వేరు, ఫ్యూజు కూడా చాలా బండ్లలో వేరే. షెడ్డులో ఏసీ వేసి చూసి ‘ఫ్యాన్ తిరుగుతోంది కదా’ అనేస్తారు. ఆ మాటకు ఎన్ని మంచి రేడియేటర్లు పాతసామాన్ల కొట్టుకు పోయాయో! ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్‌ను చదివే ప్లగ్గుకు) చిన్న అడాప్టర్ పెట్టి, ఫోన్లో నీళ్ల వేడి చూస్తూ, బండిని ఐడ్లింగ్‌లో ఉంచి ఏసీ ఆపేయండి. 100 దాటి 105కి పోతున్నా ఫ్యాన్ హోరు పెరగకపోతే దొంగ దొరికినట్టే: రిలే, ఫ్యూజు, కనెక్టర్, మోటారు బ్రష్‌లు, ఈ వరసలో చూడండి. ఎప్పుడైనా ఫ్యాన్ మోటారు మార్పించి ఉంటే ఇంకో పరీక్ష. ఫ్యాన్ తిరుగుతుండగా ముందు జాలీకి వార్తాపత్రిక కాగితం ఆనించండి. కాగితం జాలీకి అతుక్కోవాలి. ఎగిరి మీ మీదికొస్తే మోటారు వైర్లు తారుమారై ఫ్యాన్ వెనక్కి తిరుగుతోందన్నమాట.

(పాత జీపు తరహా బండ్లలో ఇంజన్ ముందే బిగించిన విస్కస్ ఫ్యాన్ ఉంటుంది. బండి వేడిగా ఉన్నప్పుడు ఇంజన్ ఆపి, తాళం తీసేసి, రెక్కను చేత్తో తిప్పండి. బరువుగా కదిలి వెంటనే ఆగాలి. గిర్రున తిరిగితే లోపలి సిలికాన్ నూనె కారిపోయింది.)

ఫ్యాన్ బాగుంటే రేడియేటర్ పై బ్రాకెట్ బోల్టులు విప్పి, దాన్ని ఇంజన్ వైపు కాస్త వంచి, కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులో టార్చ్ వేయండి. పైనుంచి చూస్తే రెండూ శుభ్రంగానే కనిపిస్తాయి. మధ్యలో మాత్రం ఎర్రదుమ్ము, పురుగులు, పంటల కాలంలో ఎగిరిన పొట్టు కలిసి పీచుపట్టాలా పేరుకుని ఉంటాయి. సబ్బునీళ్లు చల్లి 10 నిమిషాలు నానబెట్టి, మామూలు పైపుతో ఇంజన్ వైపు నుంచి ముందుకు కొట్టండి. సర్వీసు స్టేషన్ గన్నుతో వద్దు, పలచని రెక్కలు పడుకుండిపోతాయి, ఇక గాలి పోయే దారే ఉండదు.

ఈ రెండూ అయ్యాక కూడా తగ్గకపోతే, బండి వేడిగా ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో రేడియేటర్ ముఖమంతా చదవండి. నీళ్లు వచ్చే వైపు నుంచి పోయే వైపుకు వేడి క్రమంగా తగ్గుతూ రావాలి. మధ్యలో ఎక్కడైనా చల్లని పట్టీ తగిలితే అక్కడ గొట్టాలు పూడుకుపోయాయి. అప్పుడు మార్చండి, డబ్బు దండగ కాదు.

అప్పటిదాకా ఘాటీలో పెద్ద గేరులో ఈడ్వకండి. రెండో గేరులో 2000 నుంచి 2500 ఆర్‌పీఎం ఉంచితే పంపు నీళ్లను బాగా తిప్పుతుంది. లారీకి దూరంగా ఉండండి. ముల్లు కదిలిందంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడి మీద, బ్లోయర్ పూర్తి జోరు మీద పెట్టండి. ఉక్కపోత భరించాలి, తప్పదు. చాలా కార్లలో 80 నుంచి 105 దాకా ముల్లు నడిమధ్యనే నిలబడేలా మీటరు చేస్తారు. అందుచేత అది కదిలేసరికే ఆలస్యమై ఉంటుంది.

ప్రశ్న: నెలకు అర లీటరు కూలెంట్ తగ్గిపోతోంది. బండి కింద ఒక్క చుక్క లేదు. హెడ్ గ్యాస్కెట్ పోయిందని చెబుతున్నారు. – రాయగడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: కావచ్చు. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ బ్లాకుకూ, దాని పైభాగమైన హెడ్డుకూ మధ్య ఉండే పలక. కానీ హెడ్డు విప్పడం చివరి మెట్టు. ముందు రేడియేటర్ మూత మార్చండి. దాని స్ప్రింగు మెత్తబడితే ఒత్తిడి నిలవక కూలెంట్ ఆవిరై పోతుంది, జాడ ఉండదు. తర్వాత బండి చల్లగా ఉండగా మీటరున్న చేతి గాలిపంపుతో మూత మీద రాసి ఉన్న ఒత్తిడిదాకా, సాధారణంగా 1 బార్‌కు అటూ ఇటూ, గాలి ఎక్కించి అరగంట వదలండి. పంపు మీటరు ముల్లు పడిపోతే ఎక్కడో కారుతోంది. డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ తడిసి తియ్యటి వాసన వస్తే కారుతున్నది హీటర్ కోర్ (లోపల వేడిగాలినిచ్చే చిన్న రేడియేటర్).

ఇక డీజిల్ బండికి ప్రత్యేకమైనది ఈజీఆర్ కూలర్. పొగను చల్లబరిచే ఆ డబ్బాలో సన్నని బీట పడితే కూలెంట్ నేరుగా పొగలోకి, అక్కణ్ణుంచి ఇంజన్లోకి పోయి కాలిపోతుంది. నేల మీద చుక్క పడదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కాసేపు తెల్లపొగ, ఆ కూలర్ పైపు విప్పి చూస్తే మసి పొడిగా కాక తడిగా, జిగురుగా ఉండడం దీని గుర్తులు. దీన్ని గ్యాస్కెట్ అనుకుని హెడ్డు దించినవాళ్లు తక్కువేం కాదు.

నిజంగా గ్యాస్కెట్టే అయితే గుర్తు వేరు. రాత్రంతా చల్లారిన బండికి మూత ఒకసారి తీసి బిగించి, స్టార్ట్ చేసి, పై హోస్ పైపు పట్టుకోండి. నీళ్లు ఇంకా వేడెక్కకముందే, ఒకటి రెండు నిమిషాల్లో పైపు రాయిలా గట్టిపడితే సిలిండర్ లోపలి గ్యాసు నీళ్లలోకి దూరుతోంది. కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా వస్తాయి. అప్పుడు విప్పక తప్పదు. విప్పాక మూడు సంగతులు పట్టుబట్టండి. హెడ్డు మీద ఇనుప స్కేలు ఆనించి కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ (సందు కొలిచే పలచని రేకు) దూరుతుందేమో చూడాలి. దూరితే కంపెనీ మాన్యువల్‌లో హద్దు ఎంతో, చెక్కనిస్తారో లేదో చూడాలి. కొత్త గ్యాస్కెట్ మందం పిస్టన్ బ్లాకు పైకి ఎంత పొడుచుకొస్తుందో కొలిచి ఎంచాలి. గ్యాస్కెట్ అంచున ఉండే గాట్లు లేదా రంధ్రాలు ఆ మందాన్ని చెబుతాయి. పలచనిది వేస్తే పిస్టన్ వాల్వులను తన్నే ప్రమాదం ఉంది. సాగిపోయే రకం హెడ్ బోల్టులైతే పాతవి మళ్లీ వేయకూడదు.

ప్రశ్న: థర్మోస్టాట్ తీసి పారేస్తే బండి ఎప్పటికీ వేడెక్కదంటున్నారు. నిజమా? – గుణుపురం

జవాబు: కాదు. ఇంజన్ సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో అదే వాల్వు పక్కదారిని మూస్తుంది కూడా. తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఇంజన్లోనే చుట్టూ తిరిగి ఇంకా వేడెక్కుతుంది. అనుమానం ఉంటే దాన్ని విప్పి, గిన్నెలో నీళ్లు పోసి, తాడుతో వేలాడదీసి కాచండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర, ఎక్కువగా 82 నుంచి 88, తెరుచుకోవడం మొదలవ్వాలి.

ప్రశ్న: మా బోరు నీళ్లు తాగడానికి బాగానే ఉంటాయి. కూలెంట్‌లో కలపవచ్చా? ఎంత కలపాలి? – జయపురం

జవాబు: వద్దు. నాలుకకు తెలియని సున్నం, ఇనుము రేడియేటర్‌లో పెచ్చులు కడతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. చిక్కటి కూలెంట్ అయితే సగానికి సగం. డబ్బా మీద ‘రెడీ టు యూజ్’ అని ఉంటే చుక్క నీరు కూడా కలపకండి. మీ ఊరున్న ఎత్తున మామూలు నీళ్లు 98 డిగ్రీలకే మరుగుతాయి. సగం కూలెంట్, 1 బార్ మూత కలిస్తే 120 దాటినా మరగవు. రంగు చూసి రకం నిర్ణయించకండి, రంగుకు నియమం లేదు, డబ్బా మీద రాసింది చదవండి.

లోపల కడిగి నింపేటప్పుడు లెక్క తప్పేది ఇక్కడ: 6 లీటర్లు పట్టే బండిలో డ్రెయిన్ చేసినా లీటరో, లీటరున్నరో నీళ్లు బ్లాకులో మిగిలే ఉంటాయి. అందుకే ముందు 3 లీటర్ల చిక్కటి కూలెంట్ పోసేసి, మిగిలిన చోటు నీళ్లతో నింపండి. బండి ముక్కు ఎత్తుమీద ఉండేలా నిలిపి, హీటర్ వేడి మీద పెట్టి, గాలి స్క్రూ ఉంటే వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించండి. మూత పెట్టి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడపండి. మర్నాడు పొద్దున్న చల్లటి బండికే మూత తీయాలి, వేడిమీద తీస్తే మొహం కాలుతుంది. మట్టం కొంచెం దిగి ఉంటుంది, సగానికి సగం కలిపిన కూలెంట్‌తోనే నింపండి.