అప్పడంలా వంగిపోతున్న పుల్లల కోట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, మాది గాజువాక. సెలవుల్లో పిల్లలు ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారని ఐస్‌క్రీమ్ పుల్లల ప్యాకెట్, ఫెవికాల్ డబ్బా తెచ్చి కోట కట్టడం మొదలెట్టాం. బాబుకి 9 ఏళ్లు, పాపకి 5. మూడు రోజులైంది, గోడ నిలబెడితే పడిపోతోంది, పడకుండా నిలబడిందేమో తెల్లారేసరికి అప్పడంలా వంకర తిరిగిపోతోంది. బాబు విసుగొచ్చి వదిలేశాడు. మా ఆయనేమో గ్లూ గన్ కొనేస్తే గంటలో అయిపోతుంది కదా అంటున్నారు. కొనమంటారా? పైగా పాపకి టోపీల్లాంటి గోపురాలున్న రాజకుమారి కోట కావాలట, బాబుకి బురుజుల మీద ఫిరంగులుండాలట, రోజూ దానికో గొడవ.

జవాబు: గన్ ఇప్పుడే కొనకండమ్మా. దాన్లోంచి వచ్చేది కరిగిన ప్లాస్టిక్, వేలి మీద పడితే అంటుకుపోయి కాలుతూనే ఉంటుంది, 5 ఏళ్ల పాప పక్కన కూర్చునే పనికి అది వద్దు. ఒకవేళ ఇంట్లో ఉంటే పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి, ఎప్పుడైనా కాలితే టూత్‌పేస్టు, ఐసు పెట్టకుండా కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి.

ఇక మీ గోడ సంగతి. తప్పు పిల్లలది కాదు, పుల్లలదీ కాదు. ఫెవికాల్‌లో నీళ్లుంటాయి కదా, ఆ నీళ్లు చెక్కలోకీ గాలిలోకీ పోతేనే అది గట్టిపడేది. మన విశాఖ గాలే తడి గాలి, అందులో వానలు పడే రోజులైతే ఇంకా ఆలస్యం. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, చేత్తో ఎత్తితే ఊడి వచ్చేస్తుంది. ఒక్క వైపే మందంగా రాస్తే ఆ వైపు చెక్క తడిసి ఉబ్బుతుంది, రెండో వైపు పొడిగా ఉంటుంది, అందుకే మెలి తిరుగుతుంది. మా అబ్బాయితో మొదటిసారి కట్టినప్పుడు జూలై నెల, బయట ఒకటే వాన, గంట ఆగి గోడ ఎత్తాం, పుల్లలన్నీ ఒక్కొక్కటిగా జారి వాడి ఒళ్లో పడ్డాయి, వాడి మొహం నాకిప్పటికీ గుర్తే. ఆ రోజునుంచీ మా ఇంట్లో ఒకటే పద్ధతి, గోడని పడుకోబెట్టి కట్టడం, రాత్రంతా బరువు కింద ఉంచడం, మర్నాడు నిలబెట్టడం.

ఎలాగంటే, బల్ల మీద పాలిథిన్ కవర్ పరవండి, ఫెవికాల్ దానికి అంటుకోదు. మామూలు పుల్ల దాదాపు 11 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉంటుంది. 8 పుల్లలు ఒకదాని కింద ఒకటి అడ్డంగా పేర్చండి, వాటి వెనక రెండు పుల్లలు 8 సెంటీమీటర్లకి కోసి నిలువుగా అతికించండి, గోడ అయిపోయింది. జిగురు డబ్బాలోంచి నేరుగా పొయ్యనివ్వకండి, సీసా మూతలో కొంచెం పోసి ఇయర్ బడ్‌తో పల్చగా రాయమనండి. పైన ఇంకో కవర్ వేసి, దాని మీద లావుపాటి పుస్తకాలు నాలుగు పెట్టేసి పడుకోండి. ఇలాంటి గోడలు నాలుగు కావాలి, అంటే 40 పుల్లలు.

బురుజుకి ఫాయిల్ పేపర్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం వాడండి. 4 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న గొట్టానికి చుట్టూ నిలువుగా 13 పుల్లలు సరిపోతాయి, రబ్బరు బ్యాండ్లు వేసి వదిలేస్తే ఆరేదాకా అవే పట్టుకుంటాయి. నాలుగు బురుజులకి 52. గోడ ఎత్తు 8 సెంటీమీటర్లు, బురుజు 11 కాబట్టి బురుజులు దానంతటవే ఎత్తుగా కనిపిస్తాయి. తలుపుకీ కోట కొమ్మలకీ, అంటే గోడ పైన పళ్ల వరసలా కనిపించేవాటికీ, ఇంకో 30 వేసుకోండి, విరిగేవి ఎలాగూ ఉంటాయి కాబట్టి 150 పుల్లలుంటే నిశ్చింత. మూలల్లో గోడనీ బురుజునీ కలిపేటప్పుడు బట్టల క్లిప్పులు పెట్టండి. పుల్ల కొయ్యడం మాత్రం మీరే చెయ్యండి, ఉత్త కత్తెరతో కోస్తే నిలువునా చీలిపోతుంది, కటింగ్ ప్లయర్ అయితే టక్కున తెగుతుంది.

పాప చేత ఏం చేయించాలీ అంటారేమో, వంకర పుల్లలు ఏరేసే పని ఇవ్వండి. బల్ల మీద పుల్ల పెట్టి ఒక కొన వేలితో నొక్కితే రెండో కొన లేస్తే అది వంకరది. ఇది పనికిమాలిన పనేం కాదు, గోడ నిలబడేది ఈ ఏరడం వల్లే, ఆ మాట పాపకి చెప్పండి. గొడవంటారా, నాలుగు బురుజులున్నాయి కదా, చెరి రెండు పంచెయ్యండి. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో అరవృత్తం కాగితం కత్తిరించి చుడితే కోన్ టోపీ అవుతుంది, బురుజు మీద సరిగ్గా కూర్చుంటుంది, రాజకుమారి గోపురం రెడీ. బాబు బురుజుల మీద పెన్ను మూతలు పెడితే ఫిరంగులు. అలాంటి కోట ఎక్కడా ఉండదని ఎవరైనా అంటే అననివ్వండి, ఇది వాళ్లిద్దరి కోట.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. అమ్మాయి ఆరో తరగతి, స్కూల్లో ఏదైనా కోట మోడల్ చెయ్యమన్నారు, చేతిలో 5 రోజులే ఉన్నాయి. దానికి సరిగ్గా రాదు, మార్కులు పోతాయని నేనే రాత్రిళ్లు కూర్చుని గోల్కొండ చేసేద్దామనుకుంటున్నా. మంచి ఐడియా చెప్పండి.

జవాబు: అలా చెయ్యకండి సార్. మీరు చేసింది అమ్మాయి పట్టుకెళ్లి టీచరు ఎదుట నిలబడితే, ఈ బురుజు ఇక్కడెందుకుంది అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ఏం చెప్తుంది పాపం. గోల్కొండ కొండ మీది కోట, గుట్టంతా తయారు చెయ్యాలి, 5 రోజుల్లో అవ్వదు. మనకి పక్కనే విజయనగరం కోట ఉంది కదా, ఓ 60 కిలోమీటర్లు, ఆదివారం పొద్దున్న తీసుకెళ్లి చూపించండి. చతురస్రం కోట, మూలల్లో బురుజులు, పుల్లలకి ఇంతకన్నా తేలికైన ప్లాన్ లేదు. పైన చెప్పిన కొలతలే వాడుకోవచ్చు. దాని కథ కూడా పిల్లలకి భలే నచ్చుతుంది, 1713లో శంకుస్థాపన చేశారు, చేసింది విజయరామరాజు, రోజు విజయదశమి, సంవత్సరం పేరు విజయ, వారం మంగళవారం అంటే జయవారం, ఊరు విజయనగరం, ఇలా ఐదు విజయాలు కలిశాయని చెప్పుకుంటారు. మోడల్ పక్కన అట్ట మీద ఈ ఐదూ అమ్మాయి సొంత చేతిరాతతో రాస్తే అదే సగం ప్రాజెక్టు.

కోట దగ్గర అమ్మాయిని కొలవమనండి. సింహద్వారం ఎన్ని అడుగుల వెడల్పో నడిచి లెక్కపెట్టాలి, గోడ ఎంత మందంగా ఉందో చూడాలి. గోడ అంత లావుగా ఎందుకు కట్టారు, చుట్టూ అగడ్త ఎందుకు తవ్వారు, బురుజు గోడ కన్నా ముందుకి ఎందుకు పొడుచుకొచ్చింది, ఇవన్నీ అడగండి, చటుక్కున జవాబు చెప్పెయ్యకండి. ముందుకొచ్చిన బురుజు మీద నిలబడితే గోడ మొదట్లోకి వచ్చిన శత్రువు కూడా కనిపిస్తాడు, ఇది పిల్ల తనంతట తను కనిపెడితే చూడాలి ఆ ఆనందం. ఇంటికొచ్చాక మీ పని కొయ్యడం, క్లిప్పులు పట్టుకోవడం, అంతే. గోడ కాస్త ఒంకరొచ్చినా సరిచెయ్యకండి, నాకు పిల్లల వేలిముద్రలు జిగురులో కనిపించే మోడల్ అంటేనే ఇష్టం.

రాతిగోడలా గరుకుగా రావాలని బీచ్ ఇసుక తెచ్చి అద్దుతారు చాలామంది. తెచ్చుకోండి కానీ మంచినీళ్లతో మూడు నాలుగుసార్లు కడిగి ఎండబెట్టాకే వాడండి, అందులో ఉప్పు ఉంటుంది, ఉప్పు గాలిలో తడిని లాగుతుంది, నాలుగు రోజులకి మోడల్ చెమ్మగా అయిపోతుంది. రంగు వేస్తే పోస్టర్ కలర్ చిక్కగా, నీళ్లు తక్కువ కలిపి వెయ్యండి.

ప్రశ్న: పెదవాల్తేరు నుంచి ఒక అమ్మమ్మని రాస్తున్నా. మనవలు తిన్న ఐస్‌ఫ్రూట్ పుల్లలు డబ్బా నిండా దాచాను, పారెయ్యలేదు. అవి పనికొస్తాయా, కొత్తవే కొనాలా?

జవాబు: భేషుగ్గా పనికొస్తాయండీ. ముందు వేడినీళ్లలో కొంచెం సబ్బు వేసి కడగండి, తీపి మిగిలితే చీమలు కోటనే పట్టేస్తాయి. కడిగాక రెండు గుడ్డల మధ్య పరిచి పైన పీట పెట్టి ఆరబెట్టండి, విడిగా ఎండలో పడేస్తే వంగుతాయి. వంగినవాటిని కూడా పారెయ్యకండి. ఓ అరగంట మరిగే నీళ్లలో ఉడికించి, కొంచెం చల్లారాక గ్లాసు లోపలి అంచు వెంబడి మెల్లగా వంచి పెట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి కమాను ఆకారంలో ఉండిపోతాయి, కోట ద్వారం పైన సరిగ్గా సరిపోతాయి. నాలుగు వంచితే ఒకటో రెండో విరుగుతాయి, కాబట్టి ఓ పది ఉడకబెట్టుకోండి.