నేల మీద మరక లేదు, బ్రేక్ ఆయిల్ మాత్రం తగ్గుతోంది: ఎక్కడ వెతకాలి?

మీ 2008 ఓమ్నీలో వారానికోసారి బ్రేక్ ఆయిల్ పోయాల్సి వస్తోంది, పార్కింగ్‌లో చుక్క కూడా కనపడట్లేదు అన్నారు. లీకు దొరికేదాకా దయచేసి బండి బయటికి తీయకండి. మెహిదీపట్నం ఫ్లైఓవర్ దిగుతుండగా పెడల్ నేలకంటితే ఇక హ్యాండ్‌బ్రేకే దిక్కు.

ప్యాడ్లు అరిగినా లెవల్ తగ్గుతుంది, కానీ నెలల తరబడి మెల్లగా. వారంలోనే తగ్గిందంటే లీకే.

నా అనుమానం వెనక చక్రాల మీద. డ్రమ్ములోని వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో బ్రేకు లైనర్లను డ్రమ్ముకు నొక్కే చిన్న సిలిండర్) రబ్బర్లు పాడైతే ఆయిల్ లోపలే కారి లైనర్లకు పట్టేస్తుంది, నేల మీద పడదు. జాకీతో ఎత్తి, బండి కింద స్టాండు పెట్టి, డ్రమ్ము విప్పి, సిలిండర్ చివరి రబ్బరు తొడుగు అంచు వేలితో కాస్త ఎత్తండి. కాస్త చెమ్మ ఫర్వాలేదు. జారుడుగా కారిందంటే దొరికినట్టే. సిలిండర్‌తో పాటు తడిసిన లైనర్లు కూడా రెండు చక్రాలకూ మార్చండి, కడిగి వాడితే బ్రేకు ఒక పక్కకి లాగుతుంది.

అక్కడ పొడిగా ఉంటే చక్రాల దగ్గరి రబ్బరు హోసులు, కింది ఇనుప పైపుల తుప్పు, ఆ తర్వాత మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) వెనక భాగం చూడండి. బూస్టర్ (పెడల్ బలాన్ని పెంచే డబ్బా) ఉన్న బండైతే ఆయిల్ అందులోకి జారి బయటికి కనపడదు.

ఇంకో సంగతి, ఈ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. వాన పడ్డాకో బండి కడిగాకో వెతికితే జాడ ఉండదు. పెయింటు మీద పడితే మాత్రం వెంటనే నీళ్లతో కడగండి, ఊడదీసేస్తుంది.