స్పితి బయల్దేరుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

నువ్వు ఫోన్‌లో పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. హిమాచల్‌లో సిమ్లా దగ్గర మొదలుపెట్టి, కిన్నౌర్ జిల్లాలోని రికాంగ్ పియో, నాకో, తర్వాత స్పితిలోని కాజా చూసుకుని, కుంజుమ్ కనుమ దాటి మనాలిలో దిగుతామన్నావు. రెండు బుల్లెట్లు, వెనకాల ఒక కారు. దారి సరిగ్గానే ఎంచుకున్నారు. మనాలి నుంచి ఎక్కితే మొదటి రోజే 4,551 మీటర్ల కుంజుమ్ మీద ఉంటారు, ఒళ్లు తట్టుకోదు. కిన్నౌర్ వైపు నుంచి రోజుకు కొంచెం కొంచెంగా ఎక్కితే ఊపిరి అలవాటు పడుతుంది. నాకు నచ్చనిది ఒక్కటే. ప్రతి రోజు పక్కనా కిలోమీటర్లు వేశావు. ఆ అంకెలు కొట్టేసి, ఏ నాలా ఎన్ని గంటలకు దాటుతారో రాయి.

నాలా అంటే వాగు, మనం గెడ్డ అంటామే, అదే. కాకపోతే మన గెడ్డ వానొస్తే పొంగుతుంది. అక్కడిది ఎండ కాస్తే పొంగుతుంది. పైనున్న మంచు రాత్రి గడ్డకట్టి ఉంటుంది కాబట్టి తెల్లవారేసరికి నీళ్లు పలచగా పారుతుంటాయి. పది దాటాక మంచు కరగడం మొదలై, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు అదే చోట మోకాలి లోతు దాటి రాళ్లు దొర్లుతుంటాయి. పొద్దున ఏడింటికి చెప్పులు తడవకుండా దాటిన నాలాని సాయంత్రం చూసి ఇదేనా అనుకున్న రోజులు నాకున్నాయి.

ఆర్మీలో ఉన్నప్పుడు కిన్నౌర్‌లో పూహ్ వైపు రేషన్ తోలేవాణ్ణి, శక్తిమాన్ అనే ఆర్మీ లారీ మీద. ఒక ఆగస్టులో మధ్యాహ్నం మూడయ్యాక ఒక నాలా దగ్గరికి చేరాం. అవతలి ఒడ్డు నలభై అడుగులు కూడా లేదు. రాత్రికి క్యాంపులో ఉండాలన్న తొందరలో దింపేశాను. సగం దూరం వెళ్లాక ఎడమ చక్రం కింద రాయి కదిలింది, బండి పక్కకు ఒరిగి ఆగిపోయింది. నేనూ, పక్కనున్న కుర్రాడూ కిటికీలోంచి పాకి బయటపడ్డాం. బండిని మూడో రోజు తీశారు. తప్పు నాదే, తోసింది ఎవరూ లేరు. ఆ ఒడ్డునే పడుకుని తెల్లారి దాటి ఉంటే ఏమీ జరిగేది కాదు. అప్పటి నుంచి మధ్యాహ్నం దాటాక నాలా కనిపిస్తే ముందు ఇంజన్ ఆపేసేవాణ్ణి.

కాజా నుంచి బయల్దేరే రోజు మీకు అసలైన పరీక్ష. కుంజుమ్ దిగాక బాతల్ నుంచి గ్రాంఫూ దాకా సుమారు 50 కిలోమీటర్లు. చంద్రా నది పక్కనే బండరాళ్ల మీద నడిచే దారి అది, మధ్యలో నాలాలు. ఆ యాభైకే నాలుగైదు గంటలు పెట్టుకోండి. వీలైతే ముందు రోజు కుంజుమ్‌కి ఇవతల ఉన్న లోసర్ ఊళ్లో పడుకుని తెల్లవారుజామున కదలండి. బండి రాయిని గుద్దిందనో, ఎవరికో తలనొప్పి వచ్చిందనో ఆలస్యమైతే బాతల్‌లోనే ఆగిపోండి.

నాలా దగ్గర ఆగగానే దిగి, ముందు వెళ్లిన బండి ఏ గీత మీద పోయిందో చూడు. నీళ్లు నురగలు కక్కుతూ చప్పుడు చేసే చోట లోతు తక్కువ, రాళ్లు ఎక్కువ. నున్నగా, నిశ్శబ్దంగా కనపడే చోట గుంత ఉంటుంది. అనుమానముంటే కర్ర పట్టుకుని ఒకరు నడిచి చూడాలి, బూట్లు తడుస్తాయని చూసుకోవద్దు. బండి ఫస్ట్ గేరులో, యాక్సిలరేటర్ ఒకే తీరుగా, చూపు అవతలి ఒడ్డు మీద. మధ్యలో క్లచ్ పట్టకు, గేరు మార్చకు. హ్యాండిల్ బిగపట్టకు, ముందు చక్రం తన దారి తాను వెతుక్కుంటుంది. ప్రవాహం మరీ జోరుగా ఉంటే దిగి బండిని నడిపించు, కానీ నీళ్లు వచ్చే వైపే నిలబడు. అవతల వైపు ఉంటే బండి పడినప్పుడు నీ మీదే పడుతుంది. నీళ్లలో మునిగి ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఒడ్డుకు తోసి, ప్లగ్ విప్పి, నీళ్లు పోయేదాకా తిప్పి, ఎయిర్ ఫిల్టర్ చూశాకే స్టార్ట్ చెయ్యండి.

కారు వాళ్లకు ఇంకా కష్టం. చక్రం నడుముదాకా నీళ్లున్నాయంటే దిగొద్దని చెప్పు. కింద ఇంజన్ ఆయిల్ చాంబర్ రాయికి తగిలి పగిలితే అక్కడ బాగుచేసేవాళ్లు దొరకరు. అవసరమైతే మనుషుల్ని దింపి, సామాను తగ్గించి దాటించాలి. ఎత్తు తక్కువున్న కారైతే కాజా నుంచి వచ్చిన దారినే వెనక్కి పంపించేయండి. చిన్నతనం అనుకోవద్దు.

నీళ్ల తర్వాత నేను భయపడేది రాళ్లకి. స్పితిలో వాన తక్కువ, కొండలు ఎండిపోయి పొడిపొడిగా ఉంటాయి. మధ్యాహ్నం గాలి లేచిందంటే పై నుంచి చిన్న చిన్న రాళ్లు జారుతుంటాయి. రోడ్డు మీద కొత్తగా పడిన రాళ్లు కనిపిస్తే అక్కడ ఫోటో కోసం ఆగకూడదు. ఒకరు పైకి చూస్తూ నిలబడితే, ఒక్కొక్క బండీ దాటాలి. దిగువ కిన్నౌర్‌లో కథ వేరు, అక్కడ వానాకాలం గట్టిగా పడుతుంది. 2021 జూలై 25న సాంగ్లా లోయలోని బట్‌సేరి దగ్గర బండలు పడి టూరిస్టులు తొమ్మిది మంది పోయారు. పదిహేను రోజులు దాటేసరికి నిగుల్‌సరి దగ్గర కొండచరియ విరిగి బస్సు మీదా, మరికొన్ని బళ్ల మీదా పడింది. అందుకే మీ సెలవులు జూలైలో ఉన్నాయంటే నాకు మనసు ఒప్పుకోవడం లేదు. సెప్టెంబరు రెండో వారానికి జరుపుకోండి. వానలు తగ్గుతాయి, నాలాల్లో నీళ్లూ తగ్గుతాయి.

అయితే ఒక సంగతి. మీ ట్రిప్ అక్టోబరుకు జారిందా, ఇంతవరకు నేను చెప్పిన గంటలు తిరగబడతాయి. అప్పుడు రోడ్డు మీద పారిన నీరు రాత్రికి అద్దంలా గడ్డకడుతుంది, చీకట్లో నల్లగా తారులాగే కనపడుతుంది. బైకు మీద వెళ్తే బ్రేకు ముట్టుకున్నా పడిపోతాం. ఎండ తగిలి కరిగాకే బయల్దేరాలి. కాజాలో హోటలు వాళ్లనూ, ఎదురొచ్చే ట్రక్కు డ్రైవర్లనూ అడగండి. ఆ రోజు దారి ఎలా ఉందో వాళ్లకు తెలిసినట్టు ఫోన్‌కి తెలియదు. 2023 జూలైలో కుంజుమ్ దగ్గరి చంద్రతాల్ సరస్సు వద్ద రెండు వందల మందికి పైగా మంచులో చిక్కుకుపోయారు. జూలైలో మంచు పడుతుందని వాళ్లలో ఎంతమంది అనుకుని ఉంటారు?

దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలొద్దు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, ఇంజనే బండిని పట్టుకోవాలి. బ్రేకు అదే పనిగా తొక్కితే వేడెక్కి, కావలసిన చోట పట్టదు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఇచ్చేటప్పుడు లోయ అంచుకు పోకండి, అక్కడి మట్టి గుల్లగా ఉంటుంది. కొండ వైపు ఆగి లారీ పోయాకే కదలండి. గులకరాళ్ల మీద ఫుట్‌రెస్ట్‌ల మీద లేచి నిలబడి, మోకాళ్లు వదులుగా పెట్టుకో. సామాను ఎత్తుగా కట్టొద్దు. పెట్రోలు కాజాలో నిండా పోయించుకోండి, కుంజుమ్ వైపు మధ్యలో బంకు లేదు. ఒక క్లచ్ కేబుల్, ట్యూబు, పంపు మర్చిపోవద్దు.

ఎత్తు పడక తలనొప్పితో పాటు వాంతులు, నడకలో తూలడం కనిపిస్తే ఆ మనిషిని అక్కడే పడుకోబెట్టొద్దు, కిందికి దించాలి. ఎవరికి వచ్చినా దాచుకోకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

ఇంకొకటి, దీని గురించి రాయకుండా ఉండలేను. 2014 జూన్ 8న మండీ దగ్గర బియాస్ నదిలో ఫోటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది, పైనున్న లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. మీరు వెళ్లే సట్లెజ్ మీద కూడా డ్యామ్‌లు ఉన్నాయి. నది సన్నగా, మెత్తగా కనిపించినా బండరాళ్ల మీదికి దిగొద్దు. ఎంత బాగున్నా రోడ్డు మీద నుంచే చూడండి. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే చోట వంతెన మీద నిలబడి చూస్తే చాలు, నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది.

కాజా దాటాక ఫోన్ మీద ఆశ పెట్టుకోవద్దు. బయల్దేరే ముందు నాకొకసారి చెయ్యి, ఏ దారిన ఎన్నింటికి వెళ్తున్నారో చెప్పు. మళ్లీ సిగ్నల్ రాగానే ఇంకోసారి. మధ్యలో ఒక రాత్రి గడిచినా మీ అమ్మకి నేను సర్దిచెప్పుకుంటాను. ఆవిడ కోసమని చీకట్లో బండి నడపొద్దు.

మీ మామయ్య